నిమ్మకాయ దొర్లిన దారి

మొదటి తూము వేసింది నేనే, తెలిసీ తెలియక.
పొదలకూరులో వరలు పోసేవాడి దగ్గర
అడుగు వెడల్పుది ఒకటి చవగ్గా దొరికితే
తోటబాటకు అడ్డంగా జానెడు లోతున పాతి
మట్టి కప్పి చేతులు దులుపుకున్నాను.
నిమ్మకాయల ట్రాక్టరు నాలుగుసార్లు దాటింది.
ఐదోసారికి పెంకులయింది.
ఆ కార్తీకంలో తుఫాను
పెంకుల్నీ, మట్టినీ, బాటలో సగాన్నీ
దిగువన చెంచురామిరెడ్డి మడిలో పోసి పోయింది.

బస్తా ధర పెరిగిందని ఫోన్లో వింటూ
ఇవతల గట్టున నేను,
చెట్ల కింద పండి రాలుతూ కాయలు.

"నీ నీళ్లు నా మడిలోకేంది?" అన్నాడతను.
"నావా? పైన గుట్టవి."
"బాట నీదే గదా."
దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ ఏడు చిత్త కార్తెకు ముందే కాలేషా మేస్త్రీ వచ్చాడు,
కండలేరు కాలవ పనిలో తట్ట మోసి
తాపీ పట్టినవాడు.
బాట వంకే చూడలేదు. గడ్డిని చూశాడు.
"ఎటు పడుకోనుందో చూడు సుగుణక్కా,
నీళ్లు అటే నడిచినాయి.
తూము యాడ పెట్టాల్నో నన్నెందుకడగతావు,
దాన్నడుగు."
గడ్డి వాలిన వైపు తాడు లాగితే
నిరుడు నేను పాతిన చోటు బారెడు ఎడంగా ఉంది.
బారెడే.
తుఫానుకు ఆ బారెడు చాలింది.

నడుము లోతు తవ్వించాడు. ఇసుక పరిచి, తడిపి,
దిమ్మిసతో కొట్టించాడు.
రెండడుగుల వరలు మూడు
తాళ్లతో దించుతుంటే
బావిలో పడిన దూడను పైకి లాగేవాళ్లలా
అందరం ఒకేసారి అరిచాం,
మాది పైకి కాదు, కిందికి, అంతే తేడా.

వాలు చూడ్డానికి నీళ్లగొట్టం పట్టాడు. దాన్నీ నమ్మలేదు.
రాలిన కాయొకటి తెమ్మని
ఎగువ మూతిలో పెట్టి చెంబెడు నీళ్లు పోశాడు.
దిగువన వంగి చూస్తున్నాం.
రాలేదు.
చెవి పెట్టి విని, "రెండో అతుకు కాడ నిలబడింది,
బొటనేలంత మిట్ట" అన్నాడు.
కూలోళ్ల గొణుగుడు మధ్య మళ్లీ లేపి, మళ్లీ దించి,
పొద్దుగూకే వేళకు
చీకటి గొట్టంలోంచి పచ్చగా దొర్లుకుంటూ వచ్చి
కాయ మా కాళ్ల దగ్గర ఆగింది.
కాలేషా దాన్ని తుడిచి జేబులో వేసుకున్నాడు.

పనైపోయిందనుకున్నాను.
"ఇప్పటికి సగమే అక్కా.
తూముని చంపేది పైబరువొకటే కాదు, మూతి.
నీళ్లు దూకేకాడ నేలని కొరకతాయి,
కొరుక్కుంటా కొరుక్కుంటా వెనక్కొస్తాయి,
కన్నం దొంగ మాదిరి."
సైదాపురం గనుల దగ్గర పారేసిన పలుగురాళ్లు
రెండు ట్రాక్టర్లు దించాం.
దిగువ మూతి ముందు చాపలా పరిచాం,
అక్కడక్కడా అంటుకున్న అభ్రకం మెరుస్తోంది.
రాళ్ల సందుల్లో వట్టివేరు పిలకలు.
పైన పొర పొరకూ తొక్కిన మట్టి, రెండడుగులు.
ఎగువ మూతికి జానెడెడంగా నాలుగు ఊచలు.
పోతూ పోతూ అన్నాడు:
"వానొచ్చే రాత్రి నిద్రపోబాక."

పోలేదు.
మూడోజాముకు టార్చి పట్టుకుని వెళితే
ఊచలకు తాటిమట్ట, దానికి యూరియా సంచి,
దాని వెనక మోకాలెత్తు నీళ్లు, బాట ఎక్కడానికి సిద్ధంగా.
చేతులు గీసుకుపోతున్నా పట్టి లాగాను.
తూము ఒక్క గుటక వేసింది.
తర్వాత బాట నడిమధ్యన నిలబడ్డాను.
పాదాల కింద సన్నని వణుకు,
నా కిందనుంచి గుట్ట మీది వాన
నన్ను పట్టించుకోకుండా పోతోంది.
అంత హాయి నాకెప్పుడూ లేదు.

తెల్లారి చూస్తే రాళ్ల మీద పరుచుకుని, పలచబడి,
నీళ్లు చెంచురామిరెడ్డి గట్టు పక్క కాలవలోకి
మెల్లగా దిగుతున్నాయి.
అతను వంగి తువ్వాలులోకి ఏరుతున్నాడు,
రాత్రి తూములోంచి కొట్టుకొచ్చిన నా నిమ్మకాయలు.

"రావొద్దంటివే?"
"నీళ్లని గదా అన్నింది" అన్నాడు తలెత్తకుండా,
"కాయల్ని అన్లేదే."

మళ్లీ ముసురు పట్టింది.
ఈసారి ఎగువ చెట్ల కింద రాలిన కాయల్ని
నేను ఏరలేదు.